నా చిరునామాకు వచ్చిన ఆమె ఉత్తరం

పదకొండేళ్ళ పాటు ఒక కవరు నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. తపాలా వాళ్ళ త్రాసులో పెడితే ఇరవై గ్రాములు కూడా తూగదు. దాన్ని మోయడం ఎలా ఉంటుందో ఆ పదకొండేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా చెప్పుకోలేదు. మోకరించినప్పుడు మాట అటువైపు వెళ్ళబోతుంటే, పక్కకు తప్పుకొని ఇరుగుపొరుగు వాళ్ళ ఆరోగ్యం కోసం అడిగి లేచేవాణ్ణి.

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందువల్ల కాస్త సులువు. నా పేరు రాయను. చిలకలూరిపేటకూ పర్చూరుకూ మధ్య, పత్తీ మిరపా పండే నల్లరేగడిలో ఒక మండల కేంద్రం అనుకోండి, చాలు. ఇందులో వచ్చేవాళ్ళ పేర్లు మార్చాను.

ముప్ఫై ఏళ్ళు ఒక దినపత్రికకు మా మండలం నుంచి వార్తలు పంపాను. మాకు మొట్టమొదట నేర్పేది ఒకటే. అసలు సంగతి మొదటి వాక్యంలో రావాలి. పాఠకుణ్ణి తిప్పకూడదు. ఇప్పటికే నాలుగు వాక్యాలు ఎక్కువ తిప్పాను. మా తమ్ముడి భార్య ఎస్తేరు నర్సు. వేరే రాష్ట్రంలో చదువుకొని మా ఇంటికి వచ్చింది. ఇక్కడ ఆమె నర్సుగా పనిచేయడానికి తక్కువైన ఒకే ఒక్క కాగితాన్ని అడుగుతూ ఆమెకు ఉత్తరం వస్తే, నేను దాచాను. ఆమె అడిగితే రాలేదన్నాను.

అంతే వార్త. మిగిలినదంతా వివరం. కానీ ముప్ఫై ఏళ్ళలో నాకు బాగా తెలిసింది ఏమిటంటే, మనిషి తప్పు ఎప్పుడూ వివరంలోనే దాక్కుంటుంది.

ఎస్తేరు వాళ్ళది అసలు మా ప్రాంతమే. వాళ్ళ తాత రోజుల్లో ఇక్కడి రైతులు కొందరు కర్ణాటక వెళ్ళి తుంగభద్ర కాలువల కింద భూములు కొన్నారు. వాళ్ళ వెంట పనుల కోసం మా పేటల నుంచి కుటుంబాలు తరలిపోయాయి. కాలువ గట్ల వెంట అలా వెలిసిన తెలుగువాళ్ళ ఊళ్ళను క్యాంపులు అంటారు. అలాంటి ఒక క్యాంపులో పుట్టింది. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. బళ్ళారిలో నర్సింగు చదివి, అక్కడే ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసింది. మా తమ్ముడు శామ్యూల్ లారీ డ్రైవరు. మిర్చి బస్తాలు వేసుకొని అటువైపు వెళ్ళేవాడు. సంఘ పెద్దలే మాట్లాడి పెళ్ళి చేశారు. మొదట్లో కాపురం అక్కడే. కూతురు కీర్తనకు అయిదేళ్ళు వచ్చాక, ఇక్కడి పత్తి మిల్లులో శామ్యూల్‌కు నెల జీతం మీద పని దొరికితే ముగ్గురూ మా ఊరు వచ్చేశారు. మా ఇంటి పక్క వాటాలోనే దిగారు.

వచ్చేముందు అందరం అన్న మాట ఒకటే. నర్సుకేమిటి, ఎక్కడికి పోయినా ఉద్యోగం ఎదురొస్తుంది అన్నాం. నేను ఇంకా గట్టిగా అన్నాను. ఒక రాష్ట్రంలో నర్సుగా పేరు నమోదైతే, మరో రాష్ట్రంలో మళ్ళీ మొదటినుంచి నమోదు చేయించుకోవాలని మాకెవరికీ తెలియదు. ఆసుపత్రుల మీద వందల వార్తలు రాసినవాణ్ణి, నాకూ తెలియదు.

తెలుసుకోవడం ఆమె వంతైంది. ప్లాస్టిక్ ఫోల్డరులో సర్టిఫికెట్లు పెట్టుకొని పొద్దున్నే బస్సెక్కేది. గుంటూరు, నరసరావుపేట, చీరాల, ఒంగోలు. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: ఇక్కడి రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? లేదంటే ఫోల్డరు తెరవకుండానే తిరిగిచ్చేసేవారు. ఒకచోట, ఎక్కడో చేసిన సర్వీసు మాకెందుకమ్మా, కావాలంటే ఆయాల్లో చేరమన్నారట. ఇంకోచోట రిసెప్షన్‌లో అమ్మాయి ఆమె యాస విని, ఏ ఊరండీ మీది, డబ్బింగ్ సినిమాలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు అని నవ్విందట. ఇవన్నీ సాయంత్రం మా వసారాలో కూర్చుని నవ్వుతూనే చెప్పేది. నవ్వుతూ చెబుతోంది కాబట్టి పర్వాలేదనుకున్నాం.

ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టింది. కర్ణాటక నుంచి ధ్రువీకరణ రావాలి. అది రావడానికే నెలలు పట్టింది. ఆ దరఖాస్తు మీద చిరునామా దగ్గర కేరాఫ్ అని రాసి నా పేరు, బస్టాండు ఎదురుగా నేను వార్తలు రాసుకునే గది చిరునామా రాసింది. అలా రాయమన్నది నేనే. మా కాలనీలో ఇంటి నంబర్లు ఒక వరుసలో ఉండవు, ఉత్తరాలు ఎక్కడికో పోయేవి. విలేకరి పేరు మీద వచ్చిన ఉత్తరం పోదు. మా వీధివాళ్ళు చాలామంది అలాగే నా చిరునామా ఇచ్చేవారు. బ్యాంకు కాగితాలు, హాల్‌టికెట్లు, కోర్టు నోటీసులు, అన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. సాయంత్రం ఇంటికి వెళుతూ పంచేవాణ్ణి. అదొక గౌరవంగా ఉండేది నాకు.

దరఖాస్తు నడుస్తుండగా మా అమ్మకు పక్షవాతం వచ్చింది.

అమ్మ గురించి రెండు మాటలు చెప్పాలి. నాన్న పోయాక మమ్మల్నిద్దరినీ మిరపకాయల ముచ్చికలు తీసి పెంచింది. గోడౌన్లలో కుప్పల ముందు కూర్చుని, ముక్కుకు కొంగు కట్టుకొని, రోజంతా కాయకు తొడిమ తుంచే పని. ఆ చేత్తో అన్నం కలిపి పెడితే మా నోళ్ళు మండేవి. ఆ చెయ్యే ముందు పడిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు, మాటలో సగం.

అప్పటినుంచి అమ్మను చూసుకుంది ఎస్తేరు. నా భార్య టీచరు, పక్క మండలంలో బడి. పొద్దున ఎనిమిది బస్సు. ఆమె సెలవు పెట్టే మాట ఎవరి నోటా రాలేదు, నా నోటా రాలేదు. ఎస్తేరు ఇంట్లో ఉంది కదా. చేతిలో ఉద్యోగం లేదు కాబట్టి ఆమె చేసేది పని కాదన్నట్టే ఉన్నాం అందరం. ఆమె మాత్రం దాన్ని డ్యూటీలాగే చేసింది. రెండు గంటలకోసారి అమ్మను పక్కకు తిప్పేది. ఏ వేళకు ఏ వైపు తిప్పిందో గోడకు అంటించిన నోటుబుక్కు కాగితం మీద కన్నడంలో రాసేది. వీపుకు గాలి తగిలేలా, పక్క మీద పరిచిన పంచె మడతలు సర్దేది. అమ్మ ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

ఒకసారి గుంటూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారు. రెండు రోజులు వార్డులో పని చేయించి చూస్తామన్నారు. వెళ్ళేముందు నాకూ నా భార్యకూ ఎలా తిప్పాలో, ఎక్కడ చెయ్యి వేయాలో చూపించి వెళ్ళింది. మేము మొదటి పూట చేశాం. రెండో పూట, నిద్రపోతోంది కదా లేపడమెందుకు అనుకున్నాం. నిజం చెప్పాలంటే అనుకున్నది నేను. పక్క గుడ్డలు మార్చాల్సి వచ్చినప్పుడు గది బయటికి వచ్చి, ఫోను వచ్చినట్టు నటించాను. నన్ను కడిగి పెంచిన మనిషిని నేను కడగలేకపోయాను. మూడో రోజు ఎస్తేరు తిరిగి వచ్చేసరికి అమ్మ నడుము కింద పుండు పడింది.

ఆమె చేతిసంచీ కింద పెట్టి, నీళ్ళు కాచమంది. ఆ సంచీలో గుంటూరులో కొన్న తెల్ల బూట్లు ఉన్నాయి. పని చూసి అక్కడివాళ్ళు మెచ్చుకున్నారు. నంబరు రాగానే మరుసటి రోజే చేరమన్నారు. అందుకని కొన్నది. బూట్లకు చుట్టిన కాగితం మా పత్రికే, జిల్లా పేజీ. అది కూడా గుర్తుంది నాకు.

తొమ్మిది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది.

మిరప కోతల కాలం. బస్టాండు ముందు ఆటోల నిండా కూలీలు. పోస్ట్‌మన్ మస్తాన్ సైకిలు స్టాండు వేసి, ఎస్తేరు పేరున్న రిజిస్టరు కవరు చూపించి, సంతకం మీరు పెడతారా, ఇంటికెళ్ళమంటారా అని అడిగాడు. ఇటివ్వమన్నాను. ఆమె పేరు ఎదుట నా సంతకం పెట్టాను. నంబరు వచ్చిందనుకొని కవరు చింపాను. సంతోషంతోనే చింపాను. ఆ మాట మీరు నమ్మాలి. నమ్మకపోయినా నష్టం లేదు.

నంబరు కాదు. ఒక చిన్న అభ్యంతరం. సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, దరఖాస్తులో మెట్టినింటి ఇంటిపేరు ఉన్నాయి. రెండూ ఒకరివేనని నోటరీ చేయించిన ప్రమాణపత్రం, పెళ్ళి సర్టిఫికెట్టు నకలు అరవై రోజుల్లోగా పంపాలి. పంపకపోతే దరఖాస్తు మూసేస్తారు. పెళ్ళి సర్టిఫికెట్టు ఇచ్చే పాస్టరుగారు మా రెండో వీధిలో ఉంటారు. నోటరీ లాయరు నా గదికి ఎదురు మెట్ల మీద కూర్చుంటాడు. సగం రోజు పని.

ఆ పొద్దునే డాక్టరు వచ్చి అమ్మ పుండు చూసి వెళ్ళాడు. మీ నర్సమ్మ ఉంది కాబట్టి మానుతుంది, ఇంకెవరన్నా అయితే చెప్పలేను అన్నాడు. ఉత్తరం చేతిలో పట్టుకొని నేను వింటున్నది ఆ మాట. అమ్మకు కాస్త నెమ్మదించాక ఇద్దాం అనుకున్నాను. ఒక వారం. మా వృత్తిలో పంపడానికి తొందరలేని కాగితాలను ఒక అట్ట ఫైలులో పెడతాం. కవరును ఆ అట్టలో పెట్టాను. పారేయలేదు, చూడండి. దాచడానికి అదే మొదటి మెట్టు. పారేయడం లేదు కదా, ఆపుతున్నాను అంతే, అనుకోవడం.

రెండు వారాలకు ఒక మధ్యాహ్నం ఎస్తేరు అమ్మ మందులు కొనుక్కొని, గొడుగు ముడిచి నా గదిలోకి వచ్చింది. ఆ అట్ట మా ఇద్దరి మధ్య బల్ల మీదే ఉంది.

"బావగారూ, నా లెటరేమన్నా వచ్చిందాండి?"

"రాలేదమ్మా. వస్తే నేనే తీసుకురానూ."

"ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటారా? నేను చేస్తే కన్నడం అమ్మాయనుకొని పెట్టేస్తున్నారు. పేపరాయన మీరు, మీకైతే పలుకుతారు."

"చేశాను పొద్దున. ఇంకా ప్రాసెస్‌లో ఉందన్నారు."

"ఎవరన్నారండి?"

ముప్ఫై ఏళ్ళు నేను అందరినీ అడిగిన ప్రశ్న అది. ఎవరన్నారు? ఎవరో అన్నారంటే కుదరదు, పేరు కావాలి.

"సెక్షన్లో గుమాస్తా. వెంకట్రావని."

ఆమె మందుల చీటీ వెనక ఆ పేరు రాసుకుంది. తెలుగు రాయడం అలవాటు తప్పినందువల్ల ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని రాసింది. రాసి, సరిగా ఉందా అని నాకు చూపించింది.

"ఉంది," అన్నాను.

"మీరుండబట్టి సరిపోయింది. మా నాన్నకు కూడా అదే చెప్పానండి, అక్కడ మా బావగారున్నారు, ఏం పర్లేదని."

గొడుగు తెరుచుకొని ఎండలోకి వెళ్ళింది.

ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాను ఆ నాలుగు మాటల్ని. ఎక్కడైనా ఆగగలిగే చోటు ఉందా అని. ప్రతిచోటా ఉంది. అదే భయం వేస్తుంది. అట్ట తెరిచి, అరె, ఇదిగో, కాగితాల్లో కలిసిపోయింది అంటే నమ్మేది. సంతోషించేది కూడా. ఆ వారమే మండలంలోని ఆరోగ్య కేంద్రంలో నర్సులు చాలడం లేదని వార్త పంపాను. బల్ల మీద అదే అట్ట పక్కన కాగితం పెట్టుకొని రాశాను. పత్రికలో చుట్టూ గీతలు గీసి, పెట్టె కట్టి వేశారు. బాగుందని ఒకరిద్దరు ఫోను చేశారు.

అమ్మ కోసం చేశాను అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట నిలబడదు. ఎందుకు నిలబడదో చెప్పాలి.

గడువుకు ఇంకా మూడు వారాలుండగా ఒక ఆదివారం, అందరూ గుడికి వెళితే అమ్మ దగ్గర నేను కూర్చున్నాను. అమ్మ ఎడమచెయ్యి ఎత్తి గూటిలో ఉన్న తెల్ల బూట్లు చూపించింది. నోరు వంకర పోయినా మాట తెలిసింది. పంపు, అంది. ఎస్తేరును పంపు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు, మంచినీళ్ళా అమ్మా అని అడిగి గ్లాసు అందించాను. అమ్మ నీళ్ళు తాగలేదు. నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ ఆ మాట నాతో అనలేదు. అమ్మకు తెలుసు, నేను ఎప్పుడు అబద్ధమాడుతానో చిన్నప్పటినుంచీ.

కాబట్టి అమ్మ కోసం కాదు. ఎస్తేరు ఉద్యోగానికి వెళితే అమ్మ పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నా భార్య సెలవు పెట్టాలి, లేదా నేను ఆ గది మూసి ఇంట్లో కూర్చోవాలి. ఆ గుడ్డలు నేను ఉతకాలి. నేను తప్పించుకున్నది దాన్ని. ఇంత చిన్న కారణానికి ఒక మనిషి బతుకును అట్టలో పెట్టవచ్చునా అని మీరు అడగవచ్చు. పెట్టవచ్చు. పెట్టాను కదా.

అరవయ్యో రోజు ఏదో నాకు తెలుసు. ఆ రోజు పత్తి కొనుగోలు కేంద్రం దగ్గర రైతుల ధర్నా ఉంటే వెళ్ళాను. సాయంత్రం వచ్చి వార్త పంపాను. అట్ట తెరవలేదు. మరునాటి నుంచి ఆ ఉత్తరం ఇవ్వడం ఇవ్వకపోవడం అనే ప్రశ్న పోయి, దొరకకుండా చూసుకోవడం ఒక్కటే మిగిలింది.

తర్వాత ఒకసారి ఎస్తేరు తనే కౌన్సిల్‌కు ఫోను చేసి వెంకట్రావును అడిగింది. అలాంటివాళ్ళెవరూ లేరన్నారు. నా దగ్గరికి వచ్చి, నేనే పేరు తప్పు రాసుకున్నానేమోనండి అంది. బదిలీ అయి ఉంటాడన్నాను. ఏడాది గడిచాక స్వయంగా ఆఫీసుకు వెళ్ళింది. ఉత్తరం పంపామనీ, జవాబు లేక ఫైలు మూశామనీ చెప్పారు. మళ్ళీ మొదటినుంచి పెట్టుకోమన్నారు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను, ఈమధ్య రిజిస్టరు పోస్టులు కూడా పోతున్నాయమ్మా అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. కానీ మా ఊరికి పోస్టంటే మస్తాన్ ఒక్కడే. అమ్మ పింఛను ఇవ్వడానికి వచ్చినప్పుడు ఎస్తేరు అతనికి మజ్జిగ ఇచ్చేది. ఆ తర్వాత ఇవ్వడం మానేసింది. ఎందుకు మానేసిందో అతను అడగలేదు. ఖాళీ చేతులతో సైకిలెక్కి వెళ్ళడం నేను చూశాను. ఆమె ఒక్కసారి అతన్ని నిలదీసి ఉంటే నా సంతకం బయటపడేది. నిలదీయలేదు. మర్యాదస్తురాలు. ఆ ఏడాదే అతను రిటైరయ్యాడు. కిందటి సంవత్సరం పోయాడు. అతనికి నేను చెప్పుకోవలసింది అలాగే ఉండిపోయింది.

అమ్మ మరో రెండేళ్ళు బతికింది. పుండు మానింది. శుభ్రమైన పక్క మీద, ఎస్తేరు చేతిలో పోయింది.

మాలో ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూటం పెడతాం. గుడి నిండా జనం, తర్వాత భోజనాలు. పోయినవాళ్ళ గురించి ఇంటివాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. పెద్దకొడుకుగా నేను లేచాను. మాటలు నా పని. అమ్మ ముచ్చికలు తీసి పెంచిన సంగతి చెప్పాను. ఆ తర్వాత, నా అంతట నేనే, ఎవరూ అడగకుండా, మా మరదలు గుంటూరులో వచ్చిన ఉద్యోగాన్ని వదులుకొని మా అమ్మకు కూతురైంది అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను. నటన కాదు, నిజంగానే. గుడంతా స్తోత్రం అంది. పాస్టరుగారు ప్రసంగంలో ఆ మాటే ఎత్తుకొని, ఈ కాలంలో ఇలాంటి కోడళ్ళు ఎక్కడ అన్నారు. ఆడవాళ్ళ వరసలో ఎస్తేరు తల వంచుకొని కూర్చుంది.

భోజనాలయ్యాక గిన్నెలు కడుగుతూ నా భార్యతో, నేను వదల్లేదక్కా, రాలేదు అందట. ఎంత అణకువో చూడండి అని నా భార్య నాకు చెప్పింది.

ఆ సాక్ష్యం ఉత్తరాన్ని దాచడం కంటే పెద్ద తప్పు. దాచినప్పుడు ఆమె ఉద్యోగాన్ని తీసుకున్నాను. సాక్ష్యం చెప్పినప్పుడు, పోయిందని బాధపడే హక్కు కూడా తీసుకున్నాను. త్యాగం చేసిన మనిషి మళ్ళీ ఆ ఉద్యోగం కోసం తిరిగితే ఊరు ఏమనుకుంటుంది? అయినా తిరిగింది. ఈలోగా కర్ణాటకలో నమోదు కాలం తీరిపోయింది. దాన్ని పునరుద్ధరించుకొని, మళ్ళీ ధ్రువీకరణ తెప్పించుకొని, మళ్ళీ ఇక్కడ దరఖాస్తు పెట్టాలి. సర్వీసులో ఇన్నేళ్ళ ఖాళీ ఏమిటని ఆసుపత్రుల వాళ్ళు అడిగేవారు. అత్తగారిని చూసుకున్నానంటే, అది సర్వీసు కాదు కదమ్మా అనేవారు. ప్రభుత్వ పోస్టులకు వయసు దాటింది. ఒకరోజు ఫోల్డరు బీరువా మీద పెట్టేసింది. ఆ బూట్లు కొన్నాళ్ళకు కీర్తన బడిలో పరేడుకు వేసుకెళ్ళింది.

ఇప్పుడు ఎస్తేరు మిరప కాలంలో కోల్డ్ స్టోరేజీ షెడ్డుకు వెళుతుంది. ముచ్చికలు తీసే పనికి. మా అమ్మ చేసిన పనే. సాయంత్రం వచ్చి కొబ్బరినూనె రాసుకొని, చేతులు చల్లటి మజ్జిగలో ముంచి కూర్చుంటుంది. కాలనీలో ఎవరికి ఒళ్ళు వేడెక్కినా ఆమెను పిలుస్తారు. నర్సమ్మా అంటారు. మండే వేళ్ళతో నాడి పట్టుకోదు. కాస్త ఆగండి, చేతులు చల్లబడనీయండి అంటుంది. ఆ మాట గోడ ఇవతలికి వినబడుతుంది నాకు.

ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడెందుకు చెప్పానంటే, కీర్తన వల్ల. ఇంటరు అయింది. తల్లిలాగే నర్సింగులో చేరతానంది. మొన్న వేసవిలో కాలేజీ ఫారం తెచ్చి మా వసారాలో కూర్చుని నింపుతోంది. చిరునామా దగ్గర ఆగితే, గుమ్మంలోంచి ఎస్తేరు చెప్పింది. పెదనాన్నగారి గది అడ్రసు ఇవ్వు, ఉత్తరాలు పోవు. కీర్తన కేరాఫ్ అని రాసి నా పేరు రాసింది. దాని చేతిరాత తల్లి చేతిరాతలా లేదు, గబగబా సాగిపోతుంది. నేను చూస్తూ నిలబడ్డాను.

మరునాడు ఉదయం గదికి వెళ్ళి కవరు తీశాను. అట్ట మారింది, బీరువా మారింది, కవరు అదే. ఎస్తేరు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని కవరు ఇచ్చి, ఇది నీకు పదకొండేళ్ళ కింద వచ్చిందమ్మా, నేను దాచాను అన్నాను. ఎన్నో వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. అన్నీ పోయి ఇదొక్కటే వచ్చింది.

ఆమె చేట పక్కన పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకొని, ఉత్తరం చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇదొక్కటేనాండి వాళ్ళడిగింది?"

"అవునమ్మా."

ఉత్తరాన్ని పాత మడతల్లోనే మడిచి అడిగింది.

"అత్తమ్మకు తెలుసా?"

"తెలియదు. నిన్ను ఉద్యోగానికి పంపమంది. అదీ నీకు చెప్పలేదు నేను."

ఉత్తరం చదివినప్పుడు తడవని కళ్ళు అప్పుడు తడిశాయి. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. చేటలో బియ్యం అలాగే ఉంది. కాసేపటికి కీర్తన బయటికి వచ్చి, వసారాలో ఉన్న ఫారం తీసుకొని వెళ్ళింది. నా వైపు చూడలేదు.

ఇది జరిగి నెల దాటింది. నా భార్యకు ఆ సాయంత్రమే చెప్పాను. గిన్నెలు కడిగేటప్పుడు ఎస్తేరు అన్న మాటను తనే అణకువ అనుకున్నందుకు ఏడ్చింది. నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. శామ్యూల్ నా ఫోను ఎత్తడం లేదు. ఎస్తేరు ఎదురైతే పక్కకు తప్పుకొని దారి ఇస్తుంది, ఎప్పటిలాగే. బావగారూ అని పిలవడం మాత్రం లేదు. మళ్ళీ పిలుస్తుందా? పిలవాలని కోరుకునే అర్హత నాకుందా? తెలియదు. ఆదివారం గుడిలో లేచి, ఆనాటి సాక్ష్యం అబద్ధమని చెబుదామా అనుకున్నాను. అది కూడా ఆమెను అడగకుండా ఆమె గురించి మాట్లాడడమే అవుతుందని ఆగాను. ఈ కాగితం మీద అసలు పేర్లు లేకుండా రాస్తున్నది అందుకే.

నిన్న ఉదయం గదిలో కూర్చుని ఉంటే, ఇప్పుడు మా ఊరికి ఉత్తరాలు తెచ్చే అమ్మాయి స్కూటీ ఆపింది. కాలేజీ నుంచి కీర్తన పేరున కవరు. చిరునామాలో నా పేరు లేదు. కాలనీ, ఇంటి నంబరు, ఎస్తేరు ఫోను నంబరు.

"మీ ఇంటిదే కదండీ, మీకిచ్చేయనా?" అంది.

"వద్దమ్మా. ఎవరి పేరుందో వాళ్ళ చేతికే ఇవ్వు. వీధి చివర, నీలం గేటు."

స్కూటీ మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత బల్ల వైపు తిరిగాను. దాని మీద ఏమీ లేదు.